పైసలడగకుండా పన్నెండు నెలలు రాయడం ఎలా?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఉంటూ, ఏ పత్రికలోనూ నౌకరీ లేకుండా, రాతనే నమ్ముకుని బతకాలనుకునేవారి కోసం ఈ మార్గదర్శిని. ఈ గడ్డకు పత్రికలు కొత్త కాదు. 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ని తెచ్చారు. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. అందుకే రాసేవాళ్లంటే ఇక్కడ అందరికీ గౌరవం. ఆ గౌరవాన్ని కిరాణా కొట్టులో చెల్లించే ఉపాయం ఒక్కటే ఇంకా ఎవరికీ దొరకలేదు.

కావలసిన సామాను: ఒక పాత ల్యాప్‌టాప్, ఉద్దెర ఇచ్చే దుకాణం, నెల నెలా జీతమొచ్చే భార్య గానీ భర్త గానీ. మూడోది లేనివారు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి గ్రూప్స్ కోచింగ్‌లో చేరవచ్చు.

మొదటి పాఠం. జీతగాడిది మిర్యాలగూడ ఆయకట్టు; సాగర్ ఎడమ కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో చూసుకుని నారు పోస్తాడు. మీది దేవరకొండ చెలక. మొగులు వంక చూసి విత్తనం వేయాలి. ఎన్ని వానలు పడతాయని ఎవర్నీ అడగకూడదు.

ఏప్రిల్

ఉగాది మార్చిలో వచ్చినా, ఏప్రిల్‌లో వచ్చినా మన ఏడాది మొదలయ్యేది పంచాంగ శ్రవణంతోనే. మీ రాశికి ఆదాయం 2, వ్యయం 11 అని చదివితే గాభరా పడకండి. రాజపూజ్యం ఎంతో చూసుకోండి. రచయిత ఏ రాశిలో పుట్టినా దానికి లోటుండదు. ఆ సాయంత్రమే కవి సమ్మేళనం. సొంత చార్జీలతో బస్సెక్కండి. ఐదు నిమిషాలు చదవమంటారు, మూడో నిమిషంలో చీటీ అందిస్తారు, చివర్లో శాలువా కప్పుతారు. శాలువాలు దాచి ఉంచితే చలికాలంలో చుట్టాలొచ్చినప్పుడు దుప్పట్ల ఖర్చు తప్పుతుంది.

నిరుటి బిల్లు సంగతి అడిగితే ‘కొత్త బడ్జెట్ ఇంకా రాలేదు సార్’ అంటారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. దీని జంట మాట మార్చిలో వినబోతున్నారు.

మే

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, ల్యాప్‌టాప్ దానంతటదే ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే మే 28న సురవరం జయంతి. ‘అన్నా, సంచికకు రెండు పేజీలు రాసియ్యవా, నీకెంతసేపు!’ అని ఫోనొస్తుంది. రాసివ్వండి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబు చెప్పిన సంగతి రాయండి. పారితోషికం మాట మాత్రం ఎత్తకండి. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే, 1955లో దక్కింది. ఆయన 1953లోనే కన్నుమూశారు. అంతటివారి విషయంలోనే రెండేళ్లు ఆలస్యమైతే, మొన్న సంక్రాంతికి పంపిన వ్యాసానికి మీరిప్పుడే చెక్కు అడగడమేమిటి?

జూన్

మిరుగు నాడు చేపలు తినాలి. కొర్రమీను ధర అడిగి తెలుసుకోండి, చిన్న చేపలు కొనండి, ‘పులుసుకు ఇవే రుచి’ అని ఇంట్లో వాదించండి. కల్పనా సాహిత్యంలో అది మంచి సాధన.

ఈ నెలలోనే బడి యజమాని ఒకరు కరపత్రం రాయమంటారు. ‘పైసలదేముంది సార్, పిల్లల ఫీజుల చూసుకుందాం’ అంటారు. తీరా ఫీజు కట్టేనాడు ఆయన సీట్లో ఉండరు. కౌంటర్ దగ్గరున్న అమ్మాయికి సాహిత్యంతో పరిచయం ఉండదు.

జులై

పన్నుల నెల. సంస్థలు టీడీఎస్ కోసుకుని మిగిలింది మీ ఖాతాలో వేస్తాయి. కోసిన ముక్క వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాలి. పన్ను కట్టేంత ఆదాయం మీకు లేదని ప్రభుత్వానికి చూపించడానికి ఆడిటర్‌కు ఫీజు కట్టాలి. ఎవరు ఆలోచించారో గానీ ముచ్చటైన ఏర్పాటు.

అనువాదం పనులు కూడా ఈ వానలకే మొలుస్తాయి. ఒకప్పుడు పేజీకింత అని లెక్క ఉండేది. ఇప్పుడు ‘అనువాదం మెషిన్ చేసేసింది సార్, మీరు ఊరికే ఒకసారి చూసిపెట్టండి’ అని సగం రేటు చెబుతారు. ఫ్లోరైడ్ నీళ్ల మీద కరపత్రం అనుకోండి. మెషిన్ రాసింది మర్రిగూడ ముసలవ్వకు అర్థం కావాలంటే మొదటి వాక్యం నుంచీ మళ్లీ రాయాల్సిందే. రాయండి. బిల్లులో మాత్రం ‘చూసిపెట్టినందుకు’ అనే వేయండి.

ఆగస్టు

సాగర్ నిండి 26 గేట్లూ ఎత్తితే ‘పరవళ్లు తొక్కుతున్న కృష్ణమ్మ’ కావాలి. ఎత్తకపోతే ‘వెలవెలబోతున్న సాగర్’ కావాలి. రెండూ ముందే రాసి పెట్టుకోండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదలడం రెండింట్లోనూ పనికొస్తాయి. ఫొటోలు మీరే తీయాలి. వాటికి విడిగా డబ్బులివ్వరు, కింద మీ పేరు వేస్తారు. అది కూడా తప్పుగా వేస్తారు.

సెప్టెంబర్, అక్టోబర్

బతుకమ్మ వ్యాసం. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులూ నిరుడు ఏ వరుసలో వచ్చాయో ఈ ఏడూ అదే వరుసలో వస్తాయి. కాబట్టి తంగేడును రెండో పేరా నుంచి మొదటి పేరాకు, గునుగును మొదటి దాన్నుంచి రెండోదానికి మార్చి పంపండి. ‘ఈసారి కొత్తగా రాసినవ్ అన్నా’ అని డెస్కు వాళ్లు మెచ్చుకుంటారు.

అసలు కష్టం ఇంట్లో. పండక్కి అందరూ వస్తారు, అందరికీ సెలవులే, పని ఉన్నది మీకొక్కరికే. అయినా ‘ఇంట్లనే ఉంటవు గదా’ అన్న ఒక్క మాటతో గ్యాస్ సిలిండర్, అమ్మ బ్యాంకు కేవైసీ, మేనకోడలి కోసం బస్టాండు, పక్కింటి వాళ్లు తాళం ఇచ్చిపోతే వాళ్ల మంచినీళ్ల డబ్బా అన్నీ మీ వాటాకొస్తాయి. ‘వ్యాసం రేపటికియ్యాలె వదినా’ అని చెప్పి చూడండి. ‘అయ్యో రాసుకో రాసుకో, ఎవలొద్దన్నరు? జర ఈ పిలగాన్ని చూసుకుంట రాసుకో’ అంటుంది. అప్పుడు రాయడం మానేసి ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి బయటికి చూడకండి. అలా చూసినవాడికే కొబ్బరికాయలు తెచ్చే పని చెబుతారు.

నవంబర్

దీపావళి వెళ్లాక కురుమూర్తి జాతర, దానితోపాటు నాయకుల ఫ్లెక్సీలకు నాలుగు వాక్యాలు. సీతాఫలం రకానికి తన పేరిచ్చిన బాలానగర్ మన పాలమూరుదే. దాని మీద రాసినందుకు తోట రైతు గంపెడు పండ్లిస్తే వద్దనకండి. రాసిన రోజునే చేతికందే పారితోషికం అదొక్కటే.

సర్పంచ్ ఎన్నికలొచ్చాయంటే మీ పంట పండినట్టే. పాటలు, కరపత్రాలు, అభ్యర్థి జీవిత చరిత్ర అన్నీ రాత్రికి రాత్రే కావాలి. ఒకే జాగ్రత్త: పైసలు ఓట్ల లెక్కింపుకు ముందే తీసుకోండి. ఓడినవాడు ‘నీ పాట వల్లనే’ అంటాడు, గెలిచినవాడు ఫోనెత్తడు.

డిసెంబర్

హైదరాబాద్ బుక్ ఫెయిర్ వస్తోంది, కాబట్టి పుస్తకం వేయాలి. సొంత ఖర్చుతో 500 కాపీలు అచ్చు వేయించండి. ఆవిష్కరణకు వచ్చినవారికి ఉచితంగా పంచండి, రానివారికి పోస్టులో పంపండి. మిగిలినవి మంచం కింద పెట్టుకోండి. ‘మొదటి ముద్రణ అయిపోవచ్చింది’ అని చెప్పుకోండి. ఇంట్లో కాలు పెట్టే జాగా కూడా అయిపోవచ్చింది కనుక అబద్ధం కాదు.

జనవరి, ఫిబ్రవరి

సంక్రాంతికి పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల వరుస, మాఘంలో మన్యంకొండ, చెరువుగట్టు జాతరలు. బతుకమ్మ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

మార్చి

‘ఈ ఏడాది బడ్జెట్ అయిపోయింది సార్, ఏప్రిల్ల చూద్దాం.’ జంట మాట అంటే ఇదే.

చివరి హెచ్చరిక

పొద్దున్నే కూలీల అడ్డా వైపు వెళ్లకండి. అక్కడ కూలి ఎంతో తేలకుండా ఎవరూ ఆటో ఎక్కరు. ‘నీకెంతసేపు, ఒక గోడే గదా’ అంటే నవ్వి పక్కవాడి వైపు చూపిస్తారు. పొద్దు గూకేసరికి లెక్క చేతిలో పడాల్సిందే. మేస్త్రీని బడ్జెట్ వచ్చిందా అని అడిగినవాళ్లు లేరు. ఆ పద్ధతి మనకు నప్పదు. పొరపాటున ఒక్కసారి పాటిస్తే పైసలొచ్చే ప్రమాదముంది. పైసలొస్తే, రేపు ‘నువ్వేం పని చేస్తవ్?’ అని ఎవరైనా అడిగినప్పుడు రాస్తానని సూటిగా చెప్పాల్సి వస్తుంది.