ఆకలికి దసరా సెలవులు

2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది. గాంధీ జయంతి నాడు మటన్ దొరుకుతుందా లేదా అని తెలంగాణ అంతా బెంగ పెట్టుకుంది. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ముందురోజే తెచ్చి దాచుకున్నారు. పాశమైలారం పారిశ్రామికవాడలో కూలీలుండే రేకుల రూముల్లో ఆ బెంగ లేదు. అక్కడి బడిపిల్లలకు సెప్టెంబర్ 21 నుంచే మధ్యాహ్న భోజనం బంద్. అక్టోబర్ 3 దాకా 13 రోజులు సెలవులు మరి.

ఇందులో వంటమ్మల తప్పేం లేదు, అంతా చట్టప్రకారమే. 2013 నాటి ఆహార భద్రతా చట్టంలో ఐదో సెక్షన్ తీసి చూడండి: పిల్లలకు రోజూ ఒకపూట ఉచిత భోజనం, బడి సెలవు రోజుల్లో తప్ప. బడికి తాళం వేస్తే కడుపుకూ పడుతుందని ఢిల్లీలో లెక్కగట్టారన్నమాట. కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లోనూ వండి పెట్టమని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పండగ కరువు కిందికి రాదు కదా! మెట్టపంటల మీద 1972 నుంచి పరిశోధన చేస్తున్న ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే ఉంది. సెలవుల్లో ఆకలెయ్యని వంగడమైతే అక్కడా పండలేదు.

కంపెనీలున్నాయి కదా అంటారా? ఉన్నాయి. పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలంటుంది కంపెనీల చట్టం 135వ సెక్షన్. ఏయే పనులకో చెప్పే జాబితాలో మొట్టమొదటిది ఆకలే. సద్దుల బతుకమ్మ ముందు ఒక కంపెనీవాళ్లు కిట్లు పంచుతుంటే చూడబోయాను. బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్, బెల్లం. సంచి ఒకటి, పట్టుకున్న చేతులు పది. ఎనిమిది ఇచ్చేవాళ్లవి, రెండు తీసుకునేదానివి. ఫొటో సరిగా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఫ్లెక్సీలో లోగో పడలేదని మూడోసారి ఇచ్చారు.

"సారూ, సెకండ్ షిఫ్ట్ టైమైతుంది, ఇగ ఇడిసిపెట్టుండ్రి" అందామె.

ఆమె వెనక నిలబడ్డ ఒడిశా ఆయన వంతు వచ్చేసరికి ఆధార్ చూశారు. లోకల్ కాదన్నారు. ఆయన పనిచేసేది ఆ కంపెనీ గేటు లోపలే.

వచ్చే దసరాకు దానం చేయదలచిన కంపెనీలవారికి ఒక మనవి. సంచులు పక్కన పెట్టండి. సెలవులన్నాళ్లూ బడి వంటగదిలో పొయ్యి వెలిగించండి. వంటమ్మలు ఊళ్లోనే ఉంటారు, సెలవుల్లో వాళ్లకు బిల్లూ రాదు. ఆధార్ అడక్కండి. ఫ్లెక్సీ అంటారా, నిక్షేపంగా కట్టుకోండి. ఎండ పడకుండా పిల్లలు దాని కింద కూర్చుని తింటారు.