ఎవరు ఎవరిలో కలవాలి?

హైదరాబాద్ శివారులోని 27 పురపాలికలను మహానగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిపేయాలని 2025లో తెలంగాణ క్యాబినెట్ తేల్చేసింది. జాబితాలో జవహర్‌నగర్ పేరూ ఉంది. అక్కడే ఏలినవారు తప్పులో కాలేశారు. జవహర్‌నగర్‌ని హైదరాబాద్‌లో కలపడమేమిటి? రెండు దశాబ్దాలుగా హైదరాబాదే రోజూ లారీలెక్కి వెళ్లి జవహర్‌నగర్‌లో కలుస్తోంది కదా!

బంజారాహిల్స్ బిర్యానీ బొక్కలు, మారేడ్‌పల్లి పూజ పూలు, మోండా మార్కెట్‌లో కుళ్లిన టమాటాలు, హైటెక్ సిటీ పిజ్జా డబ్బాలు, మన పిల్లల డైపర్లు... ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో బండి మారి అన్నీ చేరేది అక్కడి డంపింగ్ యార్డుకే. ఓటరు కార్డు ఎక్కడున్నా మన స్థిరనివాసం అదే. కాబట్టి న్యాయంగా ఏర్పడాల్సింది గ్రేటర్ జవహర్‌నగర్ కార్పొరేషన్. జూబ్లీహిల్స్ అందులో ఒక వార్డు. సికింద్రాబాద్‌ని, పోనీలే పాపం, ఒక సర్కిల్ చేద్దాం. కౌన్సిల్ సమావేశాలు డంపింగ్ యార్డు గుట్ట మీదే. ముక్కుకు గుడ్డ ఎవరిది వారే తెచ్చుకోవాలి.

మేయర్ ఎవరంటారా? ఆ గుట్టే. పంచాయతీగా ఉన్నప్పుడూ, 2019లో కార్పొరేషన్ అయ్యాకా ఊరిని ఏలింది అదే. ఎత్తులో, బరువులో, సీనియారిటీలో పోటీ లేదు. పార్టీ ఫిరాయించదు. పైగా అన్ని పార్టీల ఫ్లెక్సీలనూ సమానంగా కడుపులో పెట్టుకుంది. ఇక రియల్టర్లు ఊరుకుంటారా? 'డంప్ ఫేసింగ్' అని గజానికి వెయ్యి ఎక్కువ చెబుతారు.

సరే, నవ్వింది చాలు. ఆ గుట్ట నుంచి కారే నల్లరసం మల్కారం చెరువును విషం చేసింది. బోరు నీళ్లు నోట పెట్టలేని కాలనీలున్నాయి. దమ్మాయిగూడ దాకా రాత్రి కిటికీ తెరవాలంటే భయం. గుట్టకు మట్టి కప్పారు, చెత్తతో 19.8 మెగావాట్ల కరెంటు తీస్తామని ప్లాంటు పెట్టారు, రిబ్బన్లు కత్తిరించారు. లారీలు మాత్రం ఆగలేదు. ఆ చెత్తలో ఒట్టి చేతులు పెట్టి ప్లాస్టిక్ ఏరుకునేవాళ్లు ఏ వార్డు మ్యాపులోనూ కనిపించరు. చెత్త పోయడానికి ఇన్నేళ్లూ పనికొచ్చిన ఊరు, ఇప్పుడు పన్ను వేయడానికి నగరమైపోయిందా?

విలీనం జీవోలో ఒక్క వాక్యం చేర్చండి: ఏ సర్కిల్ చెత్త ఆ సర్కిల్‌లోనే. అది రాసే ధైర్యం లేకపోతే, ఆస్తిపన్ను నోటీసు పట్టుకుని జవహర్‌నగర్ గడప తొక్కకండి. ఇరవై ఏళ్ల అద్దె బాకీ మనదే.