రూపాయి జారింది, దొరగారు మూలిగారు

1870ల మొదట్లో రూపాయికి దాదాపు 24 పెన్నీలు వచ్చేవి. 1893 నాటికి 15కి దిగింది.

దొరల గుండె అంతకన్నా కిందికి దిగింది. పాపం, లండన్‌లో దొరసాని ఖర్చులు, పిల్లల బడి ఫీజులు!

అర్జీల మీద అర్జీలు. సర్కారు కరిగి నీరైంది. జీతంలో సగానికి, ఏడాదికి 1000 పౌండ్లు మించకుండా, రూపాయికి 18 పెన్నీలు కట్టి తేడా తనే భరించింది. దాని పేరు మారకపు పరిహార భత్యం.

మరి ఇక్కడే పుట్టిన గుమాస్తాకో? భత్యం లేదు. అతనికి ఆకలి పౌండ్లలో వేయదు కదా!

శిస్తు కట్టే రైతుకో? దొరగారి తేడా పూడ్చే భాగ్యం.

ఆ ఏడు లాహోర్ కాంగ్రెస్ గోల పెట్టింది. భత్యం మాత్రం చెక్కుచెదరలేదు.

పక్కనే పుదుచ్చేరి. జెండా ఫ్రాన్సుది, అంగట్లో నాణెం మీద ముఖం విక్టోరియాది. దొరతనం ఒకరిది, చిల్లర ఇంకొకరిది.

తర్వాత ఫ్రాంకు వంతు వచ్చింది. 1914లో పౌండుకు 25. 1926 జులైలో దాదాపు 240! ఫ్రాంకుల్లో లెక్కలేసుకునే దొరకు రూపాయల్లో వంకాయలు కొనడం ఎంత కష్టమో.

ఇప్పుడు? ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన పుదుచ్చేరి తాతగారికి పింఛను యూరోల్లో. రూపాయి పడిందని టీవీలో నిపుణులు తలలు పట్టుకున్న పూట, ఆయన సంచీ పట్టుకుని గుబేర్ మార్కెట్‌కు బయల్దేరతాడు.

వంజరం ముక్కలు కాస్త మందంగా కొట్టమంటాడు.