శంషాబాద్ గేటు మైకును మాట్లాడుతున్నా

శంషాబాద్ విమానాశ్రయంలో దేశీయ విమానాలు ఎక్కే ఒక గేటు దగ్గర ఉంటాను. ఎటు వంచితే అటు వంగే సన్నటి మెడ, మెడ మొదట్లో ఒక బటన్, ఇంతే నా ఆకారం. నేను ఏ విమాన సంస్థకూ చెందినదాన్ని కాను. విమానాశ్రయం ఆస్తిని. తెల్లవారుజామున ఒక సంస్థ వాళ్లు, మధ్యాహ్నం ఇంకో సంస్థ వాళ్లు, అర్ధరాత్రి మరొకళ్లు నా ముందు నిలబడి మాట్లాడి వెళ్తుంటారు. 2008 మార్చి 23న బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ ఇక్కడికి మారినప్పటి నుంచి ఇదే నా కొలువు.

బటన్ నొక్కితే ఆ గొంతు హాలంతా మోగుతుంది. వదిలేస్తే నాకొక్కదానికే వినబడుతుంది. నొక్కి చెప్పినవి మీరందరూ విన్నారు. వదిలాక అన్నవి నా దగ్గరే ఉండిపోయాయి. ఇన్నేళ్లు దాచాను, ఇక చెప్పేస్తాను.

ముందు నా ఎదుట నిలబడేవాళ్ల సంగతి. పాతికేళ్లు కూడా నిండని పిల్లలే ఎక్కువ. షాద్‌నగర్, మహబూబ్‌నగర్, కడప, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి శంషాబాద్ ఊళ్లోనో సాతంరాయిలోనో ముగ్గురు నలుగురు కలిసి గది అద్దెకు తీసుకుంటారు. ఐదింటి విమానానికి రెండున్నరకల్లా వచ్చి కౌంటర్ తెరవాలి. జుట్టు ముడికీ, లిప్‌స్టిక్ రంగుకీ, బూట్ల మెరుపుకీ అన్నిటికీ నియమం ఉంది. వీళ్లలో చాలామంది విమాన సంస్థ ఉద్యోగులు కూడా కారు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీ మనుషులు. ప్రయాణికుడికి మాత్రం ఆ యూనిఫామే కంపెనీ. కోపమొస్తే దాన్నే తిడతాడు.

ఒక రాత్రి జరిగింది చెబుతాను. ఏ సంస్థో చెప్పను. విశాఖ విమానం పదిన్నరకు బయల్దేరాలి. పదకొండు దాటింది. విమానం ఉంది, సామాన్లు ఎక్కాయి, పైలట్ల డ్యూటీ గంటలు మాత్రం అయిపోయాయి. వేరే సిబ్బందిని తెప్పిస్తారా, రద్దు చేస్తారా అన్నది హెడ్డాఫీసు తేల్చాలి.

"ఏందన్నా, పైనుంచి ఏమన్న చెప్పిన్రా?" గేటు దగ్గరి అమ్మాయి అడిగింది.

"ఏం చెప్పలే చెల్లె. గ్రూపుల 'వెయిట్' అని పెట్టిన్రు. క్యాన్సిలా కాదా అంటే ఎవ్వరు మాట్లాడ్తలేరు" అన్నాడు షిఫ్ట్ ఇన్‌చార్జి.

"మరి నేనేం చెప్పాలె?"

"గంట లేటని చెప్పు."

"గంట కింద గూడ గదే చెప్పిన గదన్నా."

అయినా బటన్ నొక్కింది. అసౌకర్యానికి చింతిస్తున్నామని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో తడబడకుండా చెప్పింది. బటన్ వదలగానే ఒక పెద్దమనిషి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "నిజం చెప్పు తల్లీ. పోదంటే పోదని చెప్పు, కారు మాట్లాడుకుని వెళ్లిపోతా. మా నాన్న పోయారు. రేపు మధ్యాహ్నానికి నేను ఉండాలి." ఆ అమ్మాయి ఇన్‌చార్జి వైపు చూసింది. అతను ఫోన్ వైపు చూశాడు. పోదని ఇద్దరికీ తెలుసు, కానీ ఆ మాట అనే అధికారం ఇద్దరికీ లేదు.

రద్దు కబురు రాత్రి రెండింటికి వచ్చింది. పదకొండింటికే చెప్పి ఉంటే అప్పటికి ఆయన విజయవాడ దారిలో చాలా దూరం వెళ్లి ఉండేవాడు. ఆయన అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అరిచారు. అరుపులన్నీ ఆ అమ్మాయి మీదే. ఆ మూడు గంటలూ ఏం జరిగిందో తర్వాత ఇన్‌చార్జి తోటి మనిషితో అంటుంటే విన్నాను. రద్దు చేయాల్సిన అధికారి ఆ ఖర్చు తన పేరు మీద పడుతుందని పై అధికారికి ఫోన్ చేశాడట. ఆయన ఇంకొకరిని అడిగి చెబుతానన్నాడట. ఆ ఇంకొకరు నిద్రపోతున్నారట.

నాయకత్వం బలహీనంగా ఉందంటే బాసు కోపిష్టి అనుకుంటారు చాలామంది. నేను చూసింది అది కాదు. బలహీనుడైన పెద్ద అధికారి చాలా మర్యాదస్తుడు. అందరినీ నవ్వుతూ పలకరిస్తాడు. రోస్టర్ మార్చమంటే "చూద్దాం" అంటాడు. ఇద్దరు చేసే పని ఒక్కరే చేస్తున్నామంటే "నోట్ చేసుకోండి" అని పక్కనున్నవాడికి చెబుతాడు. నోట్ చేసుకున్నవాడు కొన్నాళ్లకు ఇంకో కంపెనీకి వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినవాడికి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. అలా పైన వాయిదా పడిన ప్రతి నిర్ణయమూ అంచెలంచెలుగా దిగి చివరికి నా ముందుకు, అర్ధరాత్రి పూట, ఇరవై రెండేళ్ల పిల్ల నెత్తిన వచ్చి పడుతుంది. ఉద్యోగుల విసుగంతా ఇక్కడే పుడుతుంది. పని ఎక్కువైందని విసుక్కునేవాళ్లను తక్కువే చూశాను. అడిగినదానికి జవాబు లేదనే వాళ్ల బాధంతా.

ఇది ఒక్క రాత్రి కథ కాదు. లోకమంతా ఎరిగినవి కొన్ని గుర్తు చేస్తాను.

కింగ్‌ఫిషర్ ఎర్ర యూనిఫామ్‌లు ఈ హాల్లో ఎంత మెరిసేవో చూసినవాళ్లకు తెలుసు. 2012లో ఆ సంస్థ ఉద్యోగులకు నెలల తరబడి జీతాల్లేవు. ఫలానా తేదీకి పడతాయని మాట వచ్చేది, ఆ తేదీ వెళ్లిపోయేది. అక్టోబరు మొదట్లో విమానాలు ఆగిపోయాయి. 20వ తేదీన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు సస్పెండ్ చేసింది. అదే నెలలో ఢిల్లీలో ఆ సంస్థ ఉద్యోగి ఒకరి భార్య, భర్తకు జీతం రాని బాధను చీటీలో రాసి ప్రాణం తీసుకుంది. డిసెంబరు 18న, తన పుట్టినరోజు నాడు, ఆ సంస్థ అధిపతి విజయ్ మాల్యా తిరుమల వెంకన్నకు మూడు కిలోల బంగారం సమర్పించారు. శ్రీవారికి మొక్కు తీర్చుకోవడం ఎవరి ఇష్టం వారిది. కానీ జీతం కోసం ఎదురుచూస్తున్న ఇళ్లలో ఆ వార్తను ఎలా చదివి ఉంటారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు మాట పెగలదు. మా విమానాశ్రయాన్ని నడిపే జీఎంఆర్‌కు ఇచ్చిన చెక్కులు చెల్లని కేసులో హైదరాబాద్ కోర్టు 2016 ఏప్రిల్‌లో మాల్యాను దోషిగా తేల్చింది. ఆ కేసు విమానాశ్రయం బాకీది. ఉద్యోగుల బాకీ అందులో లేదు.

ట్రూజెట్ మన ఇంటి సంస్థ. టర్బో మేఘా ఎయిర్‌వేస్ పేరున హైదరాబాద్‌లోనే పుట్టి 2015 జూలైలో ఎగరడం మొదలుపెట్టింది. డెబ్బై మంది దాకా పట్టే ఏటీఆర్ విమానాలు. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజు ప్రధాని జెండా ఊపినవాటిలో కడప–హైదరాబాద్ సర్వీసు కూడా ఉంది. కడప నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చే జనానికి అదెంత పెద్ద సంగతో ఆ మొదటి రోజుల ప్రయాణికుల మొహాలు చూస్తే తెలిసేది. 2022 ఫిబ్రవరిలో ఆ విమానాలు ఆగాయి. జీతాలు సరిగా అందడం లేదన్న కబుర్లు అప్పటికే పత్రికల్లో వచ్చాయి. ఆపడం తాత్కాలికమేనన్నారు. ఆ పేరుతో మళ్లీ నా ముందుకు ఎవరూ రాలేదు.

జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబైకి ఆఖరి విమానం నడిపింది. గో ఫస్ట్ 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది. ఈ వ్యాపారం కష్టమైనదని నాకూ తెలుసు. ఇంధనం ధర మన చేతిలో లేదు, అద్దెలు డాలర్లలో కట్టాలి, ఇంజిన్లు సమయానికి రావు. గో ఫస్ట్ వాళ్లు ఇంజిన్లు అందకనే మునిగామన్నారు. నష్టం వచ్చినందుకు ఏ నాయకుడినీ నేను తప్పుపట్టను. మునుగుతున్నామని ముందుగా తన మనుషులకు చెప్పనివాడినే తప్పుపడతాను. ముందే తెలిస్తే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటారు, పిల్లల ఫీజు ఏదో విధంగా సర్దుకుంటారు.

చెప్పుకునే దారి లేనప్పుడు ఉద్యోగికి మిగిలేది సిక్ లీవు. 2022 జూలైలో ఇండిగో విమానాల మరమ్మతు టెక్నీషియన్లు హైదరాబాద్‌లోనూ ఢిల్లీలోనూ పెద్ద సంఖ్యలో సిక్ లీవు పెట్టారు. తక్కువ జీతాల మీద నిరసన అది. 2024 మే 7 రాత్రి నుంచి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది అలాగే ఒక్కసారిగా జబ్బు చేసిందన్నారు. పదుల కొద్దీ విమానాలు రద్దయ్యాయి. సంస్థ 25 మందిని తీసేసింది. 9వ తేదీన ఢిల్లీలో కేంద్ర కార్మిక కమిషనర్ ముందు కూర్చుని మాట్లాడుకున్నారు, తీసేసినవాళ్లను వెనక్కి తీసుకున్నారు. ఒక్కరోజు కూర్చుంటే కుదిరిన ఒప్పందం అది. అంతకుముందు నెలల్లోనే అలా కూర్చుని ఉంటే ప్రయాణికులకు ఆ తిప్పలే ఉండేవి కావు కదా!

ఇక 2025 డిసెంబరు. పైలట్ల అలసట తగ్గించాలని డీజీసీఏ కొత్త నియమాలను 2024 జనవరిలోనే ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరగాలి. రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాలి. అమలు వాయిదా పడి, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి, చివరికి రెండు దశలుగా వచ్చింది. 2025 జూలై 1న కొన్ని, నవంబరు 1న మిగతావి. అంటే దాదాపు 22 నెలల వ్యవధి. దేశీయ విమానాలు ఎక్కే నూరు మందిలో అరవై మందికి పైగా తీసుకెళ్లే ఇండిగో, డిసెంబరు మొదటి వారంలో సరిపడా సిబ్బంది లేక కుప్పకూలింది. 5వ తేదీ ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. అప్పటి సీఈవో పీటర్ ఎల్బర్స్ వీడియోలో క్షమాపణ చెప్పారు. మన శ్రీకాకుళం మనిషి రామ్మోహన్ నాయుడు మంత్రిగా ఉన్న పౌర విమానయాన శాఖ సర్వీసులు 10 శాతం తగ్గించమంది. కొచ్చి వెళ్లాల్సిన అయ్యప్ప స్వాములు ఇక్కడే, శంషాబాద్‌లో, గేటు ముందు బైఠాయించారు. నలభై ఒక్క రోజుల దీక్ష చేసి ఇరుముడి కట్టుకున్న మనిషికి ఏ మాట చెప్పి సర్దిచెప్పగలరు?

ఇండిగో ఉద్యోగి రాసినదంటూ పేరులేని బహిరంగ లేఖ ఒకటి ఆ రోజుల్లో పత్రికలకెక్కింది. రాసిందెవరో నాకు అనవసరం. అందులోని అలసట మాత్రం అన్ని సంస్థల మనుషుల గొంతుల్లోనూ నేను ఏళ్లుగా వింటున్నదే.

అందరూ ఒకలాంటివాళ్లే అని చెబితే అబద్ధమవుతుంది. ఒక వానాకాలపు సాయంత్రం బెంగళూరు విమానం ఆగిపోయింది. ఆ సంస్థలో ఈ ప్రాంతమంతటికీ పెద్ద అయిన మనిషి ఆఫీసు గదిలోంచి నడిచి వచ్చి, "నువ్వు జరుగమ్మా, నేను మాట్లాడతా" అని కౌంటర్ దగ్గరి అమ్మాయిని పక్కకు తప్పించాడు. తన పేరు, హోదా చెప్పాడు. "విమానంలో లోపం ఉంది, ఈ రాత్రికి పోదు, రద్దు చేయమని నేనే చెప్పాను. హోటల్ కావాలన్నవాళ్లు ఎడమవైపు, డబ్బు వాపసు కావాలన్నవాళ్లు కుడివైపు రండి" అన్నాడు. గొణుగుడు వినబడింది గానీ అరుపులు లేవు. అరగంటలో హాలు ఖాళీ అయింది. ఆయన బటన్ వదిలాక, "టీ తాగినవా బిడ్డా?" అని ఆ అమ్మాయిని అడిగాడు. ఇలాంటి మనిషి ఉన్న షిఫ్టులో పని ఎంత ఎక్కువైనా పిల్లలు నవ్వుతూనే ఇంటికి వెళ్లేవారు.

విమాన సంస్థల పెద్దలను నేను అడిగేది అదే. నిర్ణయం మీదైనప్పుడు వచ్చి నా ముందు నిలబడి మీరే చెప్పండి. రాలేకపోతే, టీవీకి చెప్పేలోపు గేటు దగ్గరి పిల్లలకైనా చెప్పండి.

ప్రయాణికులారా, మీకు ఒక మనవి. విమానం ఆగితే కౌంటర్ దగ్గరి వాళ్ల మీద అరవకండి. ఏ గంటకు ఏం చెప్పారో రాసిపెట్టుకోండి. ఆ సంస్థ నోడల్ అధికారికి ఫిర్యాదు పంపండి, జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో పెట్టండి. విమానం పోదని ఎవరు, ఏ గంటకు నిర్ణయించారో, మాకు ఏ గంటకు చెప్పారో తేల్చి చెప్పమని అందులో అడగండి. ఉద్యోగం పోతుందన్న భయంతో నా ముందు నిలబడే పిల్లలు ఆ ప్రశ్న అడగలేరు. టికెట్ కొన్న మీరు అడగండి.