మంచం కాళ్ల వైపు వేలాడే సీసా

ఐసీయూలో మంచం కాళ్ల వైపు, కేస్‌షీటు పక్కన వేలాడే శానిటైజర్ సీసా ఇది. దీని కథలో తిట్లు తిన్నదే ఎక్కువ.

దీని వంశానికి పేరు తెచ్చిన ఊరు జెనీవా. అక్కడి యూనివర్సిటీ ఆసుపత్రి వైద్యుడు డిడియర్ పిటే నర్సుల్ని గమనించాడు. రోగికీ రోగికీ మధ్య సింకు దాకా వెళ్లే తీరిక వాళ్లకెక్కడిది? సీసానే మంచం దగ్గరికి తెచ్చాడు. చేతుల శుభ్రత 48 నుంచి 66 శాతానికి పెరిగిందని 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు ఇవి: ఇథనాల్ 80 శాతం, గ్లిజరిన్ 1.45, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.125. ఆ గ్లిజరిన్ చుక్క క్రిముల కోసం కాదు, నర్సమ్మ చర్మం కోసం.

ఆల్కహాల్ కొన్ని వైరస్‌ల చుట్టూ ఉండే కొవ్వు పొరను కరిగిస్తుంది. చర్మం పైపొరలో కణాలను పట్టి ఉంచేదీ కొవ్వే. తన పర భేదం ఈ సీసాకు తెలియదు.

ఓ రాత్రి డ్యూటీలో చిన్న సిస్టర్ మీట నొక్కి చెయ్యి విదిలించింది. కణుపుల మీద సన్నగా ఎర్రటి పగుళ్లు.

"అబ్బా, మంట! దీనికంటే సబ్బే నయం అక్కా."

"చెయ్యి పగిలిందే సబ్బుతో. ఇది పగుళ్లను బయటపెడుతోందంతే. కడుక్కున్న వెంటనే మళ్లీ ఇది రాస్తావేం?"

పెద్ద సిస్టర్ మాట నిజం. వేడినీళ్లు, సబ్బు చర్మాన్ని ఇంకా ఎక్కువగా ఎండబెడతాయి. మురికి కంటికి కనబడినప్పుడు, క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలవుతున్న రోగిని తాకినప్పుడు సబ్బు తప్పదు. అక్కడ ఈ సీసా పనికిరాదు, ఒప్పుకుంటుంది.

ఆ రోజునుంచి చిన్న సిస్టర్ గోరువెచ్చని నీళ్లతోనే కడుక్కుంటోంది, రుద్దకుండా అద్దుకుంటోంది. శానిటైజర్ పూర్తిగా ఆరాకే గ్లవ్స్ వేసుకుంటోంది. లోపల తడి ఉంటే చర్మం నానిపోతుంది మరి. డ్యూటీలో వాసన లేని క్రీమే. వాజలిన్ మాత్రం ఇంటి దగ్గర, పడుకునే ముందు, పైన నూలు గ్లవ్స్‌తో. ఎందుకంటే అది లేటెక్స్ గ్లవ్స్‌ను దెబ్బతీస్తుంది.

దురద, నీటి పొక్కులు వదలకపోతే అది ఎలర్జీ కావచ్చు. చర్మవైద్యులు ప్యాచ్ టెస్టు చేస్తారు. దొరికేది తరచూ సువాసన ద్రవ్యమో, గ్లవ్స్ రబ్బరులోని రసాయనమో. ఆల్కహాల్ దొరికిపోవడం అరుదు.