చల్లారిన కాఫీ

నాకు స్వతంత్రబుద్ధి ఏపాటి కలదో, నా నాలుక చివర బొబ్బ లేచిన నాటి ఉదయమున నాకు నిస్సంశయముగా తెలిసినది.

ఆ పెండ్లికి ఉభయపక్షముల శుభలేఖలును నాకు వచ్చినవి. పెండ్లికుమార్తె తండ్రి నాతో ఒక్క పలకపై అక్షరములు దిద్దిన బాల్యమిత్రుడు. పెండ్లికుమారుని తండ్రి మా ప్రక్కయింటివాడు. ముహూర్తము అమలాపురములో. మగపెండ్లివారు రాజమహేంద్రవరమునుండి బస్సు కట్టించుకొనిరి, అందులో ఒక సీటు మిగిలెను, చార్జీ లేదు. నేను మగపెండ్లివాడనగుటకు ఇంతకుమించిన హేతువు నేటికిని నాకు కనబడదు. అయినను, రావులపాలెము దాటునప్పటికే ‘మనవాళ్ళు’ అనగా బస్సులోనివారనియు, ‘వాళ్ళు’ అనగా నా ప్రాణమిత్రుడును ఆతని బలగమును అనియు నా నాలుక అలవాటుపడిపోయినది. విడిదిలో కాలు పెట్టగానే ‘వీళ్ళ ఏర్పాట్లు ఎట్లా ఏడుస్తాయో చూద్దాం’ అని మొట్టమొదట అన్నవాడను నేనే.

బ్రిస్టలు నగరమున హెన్రీ టాజ్‌ఫెల్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు బడిపిల్లలకు కొన్ని చిత్రములు చూపి, నీవు క్లే పక్షము, నీవు కాండిన్‌స్కీ పక్షము అని వారిని రెండుగా చీల్చి, ఆ ముచ్చటను 1970లో ప్రకటించెను. నిజమునకు ఆ విభజన వారి రుచినిబట్టి కాక చీటీలు తీసినట్లు చేసినదే. అయినను, ఇతరులకు సొమ్ము పంచుడనగానే ఆ పిల్లలు, తమకు చిల్లిగవ్వ దక్కకున్నను, తమ పక్షమువారికే మొగ్గిరి. తమవారికి వచ్చునది కొంత తఱిగినను సరియే, అవతలివారికంటె హెచ్చుగా నుండిన చాలునని తలచిరి. యుద్ధకాలమున జర్మనుల చెఱలో మ్రగ్గి, తిరిగివచ్చునప్పటికి తనవారిని పోగొట్టుకొన్న ఆతనికి, మనుష్యులు పక్షములు కట్టుటకు ఎంత స్వల్పకారణము చాలునో కొలిచి చూడవలెనని తోచుటలో వింత లేదు. ఆతడు మన విడిదియిండ్లు ఎఱిగియుండినచో ఆ చిత్రపటముల ఖర్చు కలిసివచ్చెడిది.

ఉదయము ఏడు గంటలకు కాఫీ వచ్చినది. పెండ్లికుమారుని మేనమామ ఒక గుక్క పుచ్చుకొని, గ్లాసు ఠప్పున క్రింద పెట్టి, ‘చల్లారిపోయింది’ అనెను. ఆయన బావమఱది ‘అవునవును’ అనెను. అట్లు వరుసగా ఎనిమిదిమంది. తొమ్మిదవవాడను నేను. వట్టిచేతితో పట్టజాలక, ఉత్తరీయపు చెఱగు చుట్టి, గ్లాసెత్తి ఒక గుక్క త్రాగితిని. కన్నుల నీరు తిరిగినది. ‘మంచినీళ్ళలా ఉందండీ’ అంటిని.

అమెరికాలో సాలమన్ ఆష్ అను ఆచార్యుడు, తాను ముందుగా పాఠము నేర్పిన విద్యార్థుల నడుమ ఏమియు నెఱుగని యొకనిని కూర్చుండబెట్టి, ఒక గీతను చూపి, దీనితో సమానమైనది ఈ మూడింటిలో ఏదియని అందఱిని వరుసగా అడిగించెను. ఒంటరిగా అడిగినచో నూటికొక తప్పైనను చేయనివారు, ముందువారందఱును ఏకకంఠముగా తప్పు చెప్పుట విని, ఇంచుమించు మూడింట నొకసారి తామును ఆ తప్పే పలికిరట. అట్లు పరీక్షింపబడిన 123 మందిలో ఎన్నడును లొంగనివారు నాలుగవవంతు మాత్రమే. చదివి నేను కొంత ఊరట చెందితిని. కాని గీత కంటికి కనబడునేగాని నాలుకను కాల్చదుగదా! కాలిన నాలుకతో అబద్ధమాడినవానిని ఆష్ ఏ పట్టికలో వేసియుండునో.

ఇంతలో నా మిత్రుడు పరుగున వచ్చి, అందఱికిని చేతులు జోడించి, నన్ను చూచి ప్రాణము లేచివచ్చినవాడై, ‘ఒరేయ్, నువ్వయినా చెప్పరా, పొయ్యి మీంచి దింపి తిన్నగా ఇక్కడికే పట్టించుకొచ్చాను’ అనెను. ఆతని ముఖము చూడలేక గ్లాసు వంక చూచితిని. అందుండి పొగలు లేచుచుండెను. ‘కాస్త చూసుకోవాలి కదరా’ అంటిని. ఆతడు మారు పలుకక గ్లాసులు తానే ఏరుకొని వెడలిపోయెను.

ఆ వరుస చివరను పెండ్లికుమారుని పెదతాతగారు కూర్చుండియుండిరి. ఆయనకు బ్రహ్మచెవుడు. మా తీర్పు చెవిని పడకపోవుటచే ఆయన గ్లాసు విడువక, కాఫీని గిన్నెలోనికిని గ్లాసులోనికిని మూరెడు ధార కట్టునట్లు తిరుగబోసి, ఉఫ్ఫుఫ్ఫున ఊది, ‘నిదానంగా తాగండర్రా, నోళ్ళు కాలతాయి!’ అని విడిది అదరునట్లు హెచ్చరించిరి. మేనమామ ఆయనను శత్రుశిబిరమునకు కోట తలుపు తీసినవానినివలె చూచెను. ఒక్కడు నిజము చెప్పువాడు తోడైనచో, లొంగుబాటు నాలుగవవంతునకు పడిపోవుననియు ఆష్ కనిపెట్టియున్నాడు. నాకును ధైర్యము కలిగి, ‘నాది కూడా కొంచెం వేడిగానే ఉన్నట్టుందండీ’ అని గొణిగితిని. అప్పటికి మిత్రుడు వంటశాల చేరియుండెను. వినినవాడు నాకు ఎడమప్రక్కనున్న స్తంభ మొక్కటియే.

నాలుగేండ్ల పిమ్మట ఆ వంశములోని పిల్లవానికే మా అమ్మాయినిచ్చితిమి. ఈమాఱు నేను ఆడపెండ్లివాడను. ఉదయము ఏడు గంటలకు, కుతకుత నుడుకు కాఫీని నేనే స్వయముగా మోయించుకొని విడిదికి పోతిని. మేనమామ గుక్క పుచ్చుకొని, గ్లాసు క్రింద పెట్టెను. వరుస సాగినది. నేను కలతపడలేదు, నా దృష్టి యంతయు చివరనున్న పెదతాతగారిపైననే. ఆయన గ్లాసెత్తి, ఊదబోయి, ఆగి, అటునిటు చూచి, ‘చల్లారిపోయిందయ్యా’ అనిరి.

క్రొత్తగా చెవికి యంత్రము పెట్టించుకొనిరట.