మా రోజుల్లో ఇంటికి అటక ఉండేది

ఇరవయ్యొక్క రోజులు ఇంటిపట్టున ఉండమంటే మనం అంత గాభరా ఎందుకు పడ్డామో నాకు ఇప్పటికీ మింగుడు పడదు. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కరోనా లాక్‌డౌన్ అని ఆ మాట చెప్పారు. తెల్లారితే ఉగాది. శార్వరి నామ సంవత్సరం మొదటిరోజు పొద్దున్నే హనుమాన్ జంక్షన్‌లో కిరాణా కొట్ల ముందు జనం ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు. బియ్యం సంచులు, నూనె ప్యాకెట్లు, గోధుమపిండి, పంచదార, ఏది దొరికితే అది మోటారు సైకిళ్ల మీద వేసుకుపోయారు. పట్నంవాళ్లయితే సరే అనుకుందును. వాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల రైతులు. వరి పండించే చేతులు బియ్యం సంచి కోసం పోటీపడటం నా కళ్లతో చూడాల్సి వచ్చింది.

మా రోజుల్లో ఇంట్లో ఏడాది సరుకు ఉండేది. గొప్ప కోసం దాచింది కాదు, ఇల్లు నడిచే పద్ధతే అలా ఉండేది. మా జంక్షన్ ఉన్న చోటు కూడా అందుకు తగ్గదే. కిందకి గుడివాడ వైపు వెళ్తే కాలవల కింద మాగాణి. పైకి నూజివీడు వైపు వెళ్తే మెట్ట పొలాలు, మామిడితోటలు. రెండు దిక్కులనుంచీ సరుకు మా గుమ్మంలోకి వచ్చేది. సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరగానే ఏడాది తిండికి సరిపడా వాకిట్లో పురి కట్టించేవాళ్లు. గడ్డి వెంటిని చుట్టలుగా చుట్టుకుంటూ పైకి లేపి, లోపల ధాన్యం పోసి, నెత్తిన గడ్డి కప్పితే ఎంత వానొచ్చినా గింజకి చెమ్మ తగిలేది కాదు. మాఘ ఫాల్గుణాల్లో మినుములు, పెసలు వచ్చేవి. ఎండలు ముదిరేసరికి మెట్ట కందులు, మిరపకాయలు, కొత్త చింతపండు. నూజివీడు కాయ దిగగానే ఆవకాయ, మాగాయ. బందరు వైపు నుంచి ఎండు రొయ్యలు, ఉప్పుచేపలు. డాబా మీద వడియాలు, చల్లమిరపకాయలు. లాక్‌డౌన్ వచ్చిన ఆ చైత్రమాసమే వెనకటి రోజుల్లో ఇంట్లో జాడీలన్నీ నిండే నెల. నిండాల్సిన నెలలో మనం ఖాళీ చేతులతో కొట్టు ముందు నుంచున్నాం.

నీళ్ల విషయంలోనూ అంతే. ఎండాకాలం బెజవాడలో కాలవలు కట్టేస్తారని అందరికీ తెలుసు. ఏలూరు కాలవ కట్టేసే రోజులు దగ్గరపడుతుంటే ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకునేవాళ్లం. మళ్లీ కాలవ వదిలేదాకా ఆ చెరువే దిక్కు. అందులో ఎవరైనా బట్టలు జాడించినా, గేదెని దింపినా పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. బిందెలో తెచ్చిన నీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగేది. పైన తేరిన నీళ్లు గుడ్డలో వడగట్టుకుని తాగేవాళ్లం. రాబోయే కొరతని ముందే లెక్కేసుకోవడం, ఉన్నదాన్ని సర్దుకుని వాడుకోవడం మాకు ఏటా వచ్చే పని. లాక్‌డౌన్ అనే మాట పుట్టకముందే డెల్టాలో ప్రతి ఇంటికీ ఆ అలవాటు ఉంది.

అది ఎలా పోయిందో నేను చూస్తూనే ఉన్నాను. మొదట కల్లాలు పోయాయి. కోతమిషను వచ్చాక పొద్దున కోసిన ధాన్యం పొద్దుగూకే లోపు చేలోనే లారీ ఎక్కుతోంది. రైతు చేతికి డబ్బు వస్తోంది, ఇంటికి గింజ రావడం లేదు. ధాన్యం ఇంటికి రాకపోతే ఊళ్లో చిన్న మిల్లుకి పనేముంటుంది? బస్తా ధాన్యం ఆడించుకుంటే బియ్యం, నూకలు, గేదెకి తవుడు, పొయ్యిలోకి ఊక ఇచ్చిన ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తర్వాత పెంకుటిళ్లు తీసి డాబాలు కట్టారు. అటక పోయింది. కొట్టుగది పోయింది. స్వర్ణ రకం వరి పండించే రైతు కొట్లో ఇరవయ్యైదు కేజీల సన్నబియ్యం సంచి కొనుక్కుంటున్నాడు. పండిన మినుములు అమ్మేసి, మినపగుళ్ల ప్యాకెట్టు తెచ్చుకుంటున్నాం. ఆడవాళ్ల నడుములు విరిగే చాకిరీ తగ్గింది, అందుకు సంతోషమే. రోకలి మూలన పెట్టినందుకు నాకు బాధ లేదు. రోకలితోపాటు ముందుచూపుని కూడా మూలన పెట్టామే, దానికే నా ఏడుపంతా.

పిల్లల తరానికి వచ్చేసరికి అసలు వంటిల్లే లేకుండా పోయింది. హైదరాబాదులో హాస్టళ్లు మూసేస్తామనగానే పిల్లలు పోలీసుల దగ్గర పాసులు రాయించుకుని ఉగాది రోజున సొంతూళ్లకి బయల్దేరారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. వెనక్కి వెళ్తే గది లేదు, ముందుకి వస్తే దారి లేదు. చదువుకున్న పిల్లలు, చేతిలో ఫోను, బ్యాంకులో డబ్బు ఉన్న పిల్లలు. మెస్సు తలుపు మూస్తే రాత్రికి అన్నం లేదు.

మా మనవడు విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర గదిలో ఉండిపోయాడు. "నాయనమ్మా, అన్నం ఒక్కటే వండాను, అందులోకి ఏం చేసుకోను?" అని ఫోను చేశాడు. "కందిపప్పు ఉందా నాన్నా?" అన్నాను. లేదన్నాడు. చింతపండు లేదు, ఎండుమిరపకాయ లేదు, మజ్జిగ లేదు. "పోనీ ఉప్పయినా ఉందా?" అంటే, "హోటలువాళ్లు పార్సిల్లో పెట్టిన చిన్న పొట్లాలు ఉన్నాయి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం వాళ్లకి లక్షలు పోసి చదువు చెప్పించాం, ఇంట్లో ఉప్పు ఉండాలని మాత్రం చెప్పలేదు.

అలాగని మా రోజులన్నీ బంగారమని నేను అనను. ఏడాది సరుకు భూమి ఉన్న ఇళ్లలో ఉండేది. కూలికి వెళ్లే ఇళ్లలో ఏ పూట గింజ ఆ పూటదే. 1960లలో తిండిగింజల కరువొచ్చినప్పుడు రేషనులో అమెరికా జొన్నలు పోసేవారు. పనుల్లేని నెలల్లో ఆ ఇళ్ల ఆడవాళ్లు పెరటి గుమ్మం దగ్గరికొచ్చి తవ్వెడు నూకలు బదులు అడిగేవాళ్లు, నాట్లప్పుడు పనిచేసి తీర్చేవాళ్లు. 1983లో ఎన్టీ రామారావు గారు కిలో బియ్యం రెండు రూపాయలకి ఇవ్వడం మొదలుపెట్టాక ఆ ఇళ్లకి కాస్త నిబ్బరం వచ్చింది. లాక్‌డౌన్‌లో యాభై ఇళ్లకి ఒక వాలంటీరు తిరిగి, ఏప్రిల్ 4న గడపకే వచ్చి కార్డు ఉన్న కుటుంబానికి వెయ్యి రూపాయలు ఇచ్చారు. కేంద్రం మనిషికి ఐదు కేజీల బియ్యం, ఇంటికి కేజీ పప్పు ఊరికే ఇచ్చింది. ముసలివాళ్లకి పింఛను మంచం దగ్గరికే వచ్చింది. ఇవి మా రోజుల్లో లేవు. ఇప్పటి రోజుల్లో నాకు నచ్చిన సంగతి ఏదంటే ముందు ఇదే చెప్తాను.

ఇంకో సంగతి కూడా తేల్చి చెప్పాలి. మా పెద్దల మడి అంతా జబ్బులు రాకుండా పెట్టిందేనని ఆ రోజుల్లో చాలామంది ఫోన్లలో పంపుకున్నారు. బయటినుంచి వచ్చి కాళ్లు కడుక్కోవడం మంచి అలవాటే. మనిషి పుట్టుక చూసి గుమ్మం బయట నిలబెట్టి, పైనుంచి దోసిట్లో నీళ్లు పోయడం ఏ జబ్బుకీ మందు కాదు. దాన్ని నేను చూశాను. దాన్ని మంచి కింద మళ్లీ ఇంట్లోకి తేవద్దు.

నిజంగా జబ్బు కోసం మేం దూరం పాటించింది అమ్మవారు పోసినప్పుడు. మశూచి వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అది చూస్తే ఎవరూ లోపలికి వెళ్లరు. ఆ ఇంట్లో తాలింపు వెయ్యరు, చుట్టాలు రారు, రోగికి నీళ్లు పోసేదాకా ఇంట్లోవాళ్లు బయట తిరగరు. అలాగని ఆ ఇంటిని వదిలేసేవాళ్లం కాదు. పెరుగన్నం, మజ్జిగ, పాలు అరుగు మీద పెట్టి, పిలిచి, పక్కకి తప్పుకునేవాళ్లం. 2020 మొదట్లో మాత్రం మనుషులు జబ్బుకంటే జబ్బుపడినవాళ్లని ఎక్కువ అసహ్యించుకున్నారు. ఊళ్ల దారులకి అడ్డంగా కంపలు వేశారు. అంబులెన్సు వచ్చిన ఇంటికి పాలు పోయడానికి జంకారు.

2021లో కరోనా రెండో విడత వచ్చేసరికి కాస్త తెలివొచ్చింది. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండింటి తర్వాత కర్ఫ్యూ. ఇంటిల్లిపాదీ జ్వరంతో పడుకుంటే పొయ్యి వెలిగించే మనిషి లేని ఇళ్లు ఎన్నో. అప్పుడు పక్కింటివాళ్లు క్యారేజీలు గేటుకి తగిలించి వెళ్లారు. మా వీధిలోనూ అలా జరిగింది. మా కోడలు చారు, ఇడ్లీలు చేసి పంపేది. "అత్తయ్యా, మనకి తగ్గుతాయేమో" అని ఒకరోజు అంది. "మినుములు డబ్బాలో ఉన్నంతకాలం తగ్గవమ్మాయ్" అన్నాను. ఆ ఏడాది మినుములు అమ్మకుండా ఇంటికి ఉంచమని నేను పట్టుపట్టాను మరి.

సరుకు దాచుకోవడంలోని అసలు అర్థం నాకు మా హైవే మీదే కనిపించింది. 2020 ఏప్రిల్, మే నెలల్లో చెన్నై వైపు నుంచి ఒడిశా, బెంగాలు, బిహారు వెళ్లే కూలీలు జాతీయ రహదారి మీద నడిచారు. బస్సుల్లేవు, రైళ్లు లేవు. ఎర్రటి ఎండ. భుజాన పిల్లలు, చేతిలో ప్లాస్టిక్ సీసా, కొందరి కాళ్లకి చెప్పుల్లేవు. పగలూ రాత్రీ ఊళ్లోంచి బస్సులు కదిలే మా జంక్షన్ మీదుగా అలా మనుషులు కాలినడకన పోవడం నా వయసులో ఎప్పుడూ చూడలేదు. హోటళ్లు మూసి ఉన్నాయి. వాళ్లకి అన్నం ఎక్కడినుంచి రావాలి? రోడ్డు పక్క ఇళ్లలోంచే రావాలి. ఎవరింట్లో బియ్యం, చింతపండు ఉన్నాయో వాళ్లు పులిహోర కలిపి పొట్లాలు కట్టారు. ఎవరింట్లో పాడి ఉందో వాళ్లు మజ్జిగ కుండలు పెట్టారు. ఏ రోజుకారోజు కొనుక్కునే ఇంటికి పెట్టాలని మనసున్నా చేతిలో లేకపోయింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కూడా మా వైపు నుంచి బియ్యం, పాతబట్టలు, ఊరగాయ జాడీలు వెళ్లాయి. అటక మీద ఉంటేనే కదా అటునుంచి ఆకలి కేక వినపడగానే దించి పంపగలిగేది.

ఆ వేసవిలో లారీలు లేక నూజివీడు మామిడి రైతు నానా అవస్థ పడ్డాడు. కొనేవాళ్లు లేని ఆ కాయని మా వైపు ఆడవాళ్లు కొన్నంత కొని ఆవకాయ పెట్టారు. ఎప్పుడూ జాడీ ముట్టని కోడళ్లు అత్తగార్లని అడిగి, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు కాగితం మీద రాసుకున్నారు. ఇక మన ఇళ్లు దారిన పడ్డాయని నేను మురిసిపోయాను. బస్సులు తిరగడం మొదలైంది, కొట్లు రోజంతా తెరిచారు, ఆ కాగితాలు ఎటో పోయాయి. మళ్లీ సీసా ఆవకాయే.

నాలుగేళ్లు తిరిగేసరికి 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. కింద ఇళ్లవాళ్లు సర్వం పోగొట్టుకున్నారు, వాళ్లని ఒక్క మాట అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. నేను చెప్పేది నీళ్లందని పై అంతస్తుల సంగతి. రెండో రోజుకే తాగే నీళ్లు లేవు, పిల్లలకి పాలు లేవు, తినడానికి అటుకులు కూడా లేవు. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో పొట్లాలు అందించాల్సి వచ్చింది. లాక్‌డౌన్ నేర్పిన పాఠం నాలుగేళ్లకే చెరిగిపోయిందన్నమాట.

ఇళ్లలో చోటు లేదంటారు. పురుగు పడుతుందంటారు. బియ్యంలో ఎండు వేపాకు వేయండి, పురుగు చేరదు. కందిపప్పుకి ఆముదం రాసి ఎండబెట్టండి. చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి జాడీలో అదిమి పెట్టండి. మూడు నెలల బియ్యం, రెండు రకాల పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, ఉప్పు, నూనె, అటుకులు, ఒక జాడీ ఊరగాయ. ఇవి పట్టడానికి మంచం కింద చోటు చాలు. పై అంతస్తుల్లో ఉండేవాళ్లు వానాకాలం రెండు బిందెల తాగేనీళ్లు మూత పెట్టి ఉంచుకోండి, రోజూ మార్చుకోండి. మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా పప్పు, చారు కాచడం నేర్పి మరీ హాస్టలుకి పంపండి.

అన్నిటికంటే ముఖ్యం, ఏ సరుకు ఏ నెలలో చవగ్గా దిగుతుందో ఆ నెలలో కొద్దికొద్దిగా నింపుకోండి. లాక్‌డౌన్ అన్న రోజున ఎగబడి నాలుగు సంచులు మోసుకుపోతే, సాయంత్రం కూలి డబ్బులతో కేజీ బియ్యం కొనుక్కోవడానికి వచ్చినవాడికి కొట్లో ఏమీ మిగలదు. ఉగాది పొద్దున మా జంక్షన్‌లో జరిగింది అదే. పంట వచ్చే నెలలో నింపుకున్న ఇల్లు కష్టం రోజున కొట్టుకి వెళ్లదు, ఆ వరసలో తన చోటు లేనివాడికి వదిలేస్తుంది. మా రోజుల్లో చదువుకోని ఆడవాళ్లు నడిపిన లెక్క ఇది. చదువుకున్న మీరు నడపలేరా?